గట్టున పెట్టిన ఒట్టు

ఈవిడ పక్కనుంచి లేవకూడదట. మట్టికి తీసుకెళ్ళేదాకా ఎవరో ఒకరు కూచునే ఉండాలట, ఒంటరిగా వదలకూడదట, ఈ గదిలో తినకూడదు, తాగకూడదు, ఊసుపోక కబుర్లు చెప్పకూడదు. కబుర్లు ఎవరితో చెప్పను, ఈవిడతోనా? బతికున్నన్నాళ్ళూ ఈవిడే చెప్పింది, నేను విన్నాను. ఇప్పుడు దుప్పటి కప్పించుకుని, గుమ్మంవైపు కాళ్ళు పెట్టించుకుని, తలదగ్గర కొవ్వొత్తి వెలిగించుకుని నేలమీద పడుకుంది, ఏసీ ఒక్కటే వాగుతోంది. దాన్ని చివరిదాకా తిప్పి వెళ్ళాడు కఫీల్. కఫీల్ అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, ఈవిడ చెల్లెలి కొడుకు. బయట జూన్ నెల ఎండ తారుని కరిగిస్తోంది, లోపల నాకు పళ్ళు కొట్టుకుంటున్నాయి. గొయ్యి తవ్వించడానికి వెళ్ళాడాయన. వీళ్ళు యూదులు. ఇవాళ శుక్రవారం, పొద్దుగుంకితే వీళ్ళకి పుణ్యదినం మొదలవుతుంది, ఆ లోపలే మట్టి చెయ్యాలి. ఆయన భార్య స్నానం చేయించే ఆడవాళ్ళని తీసుకురావడానికి వెళ్ళింది. ఈ బహ్రెయిన్ ద్వీపంలో వీళ్ళవి వేళ్ళమీద లెక్కపెట్టే ఇళ్ళు, వాటిలో శవానికి నీళ్ళు పోయడం తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళు వచ్చేదాకా నేను కూచోవాలి. ఈలోపల భీమరాజు పికప్ కూడా నాకోసం రావాలి. ఏది ముందు వస్తుందో తెలియదు. ఆడవాళ్ళు ముందు వస్తే లేచి వెళ్ళి మా అత్తతో విమానం ఎక్కుతాను. పికప్ ముందు వస్తే ఏం చెయ్యాలి?

అది ఆలోచించకుండా ఉండడానికే తక్కినవన్నీ ఆలోచిస్తున్నాను. నా సంచి గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. పాస్‌పోర్టూ టికెట్టూ నిన్ననే చేతికొచ్చాయి. భీమరాజు మా లంకవాడే, సనాబిస్‌లో కోళ్ళ దుకాణానికి బండి తోలతాడు, ఆ బండి ఎక్కినవాళ్ళకి మూడు స్నానాలు చేస్తే గానీ కోడి వాసన వదలదు. వాడు ముందు ఇక్కడ మనామాలో నన్ను ఎక్కించుకుని, వంతెన దాటి బుసైతీన్‌లో మా అత్త నరసాయమ్మని ఎక్కించుకుని, ఆ పక్కనే ఉన్న ఎయిర్‌పోర్టులో ఇద్దరినీ దింపాలి. అక్కణ్ణించి బొంబాయి, బొంబాయినుంచి రైలు, రైలు దిగి బస్సు, బస్సు దిగి రేవు, రేవులో పడవ. పడవ దిగితే మా ఇల్లు. పొద్దున ఫోన్ చేసి మామా పోయిందని, స్నానం చేయించేవాళ్ళు వచ్చేదాకా గోల చెయ్యకుండా దగ్గర కూచోవాలని అత్తకి చెప్పాను. ఇక్కడ ఇంటి యజమానురాల్ని పనిమనుషులందరూ మామా అనే పిలుస్తారు. కొత్తలో అత్త పడీపడీ నవ్వేది, ఆడమనిషిని పట్టుకుని మామా ఏంటే, ఆవిడకి మీసాలున్నాయా అని. పొద్దున మాత్రం నవ్వలేదు. ఎప్పుడు, ఎలా అని అడిగింది, అయ్యో అంది, ఆ తర్వాత చాలాసేపు ఫోన్లో వాళ్ళ మేడమ్ పిల్లల గోల తప్ప ఏమీ వినబడలేదు. మరి నువ్వొస్తన్నావా అని అడుగుతుందేమోనని చెవి నొక్కిపెట్టుకుని ఎదురుచూశాను. అడగలేదు. ఫోన్ పెట్టేసింది.

సనాబిస్ దగ్గర గొడవల్లో మళ్ళీ టైర్లు తగలబెట్టారట, పోలీసులు బండ్లు ఆపుతున్నారట. పికప్ ఆలస్యం కావచ్చు. కావాలనే కోరుకుంటున్నానా? కోరుకుంటున్నాను. ఇదిగో మామా, నీ ముందు అబద్ధమెందుకు, నువ్వు ఎలాగూ ఎవరికీ చెప్పవు. అసలు ఈ చోట నేను కూచోవడమే ఒక పొరపాటు. తెల్లవారుతుండగా పోయావు నువ్వు, నేను టీ తెచ్చేసరికి కప్పు అందుకోవడానికి చెయ్యి చాపలేదు. కఫీల్ వచ్చి మంచం మీంచి కిందికి దింపించాడు. మాకూ అంతే అనుకున్నాను. ఆయన భార్య వంటింట్లో కూజాల్లో నీళ్ళన్నీ ఒంపేసింది. మాకూ అంతే. ఆ ధైర్యంతోనే, కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టాలి కదా అని, గుడ్డపీలిక దొరక్క, ప్రయాణానికని కట్టుకున్న కొత్త చీర కొంగు పంటితో కొరికి లాగాను. సగం చిరిగాక అనుమానం వచ్చింది, వీళ్ళు వేళ్ళు కడతారో లేదో అని. ఆగిపోయి తలెత్తితే కఫీల్ నన్నే చూస్తున్నాడు. ఆయన చొక్కా మెడ దగ్గర చిరిగి ఉంది. సొంతవాళ్ళు పోతే వీళ్ళు ఒంటిమీది బట్ట చింపుకుంటారట, ఆ సంగతి ఆయన భార్య తర్వాత చెప్పింది. ఆయన నా కొంగు చూశాడు, నీ మొహం చూశాడు, కళ్ళు తుడుచుకుని, "నువ్వే కూచో ఆమె దగ్గర, నీకంటే దగ్గరవాళ్ళు ఇక్కడెవరున్నారు" అన్నాడు. కాళ్ళు కట్టడానికి చింపాను బాబూ అని చెప్పొచ్చు. నోరు పెగల్లేదు. పెగల్లేదా, పెగల్చలేదా? ఆయన భార్య వెళుతూ వెళుతూ, నీ ప్రయాణం నీ ఇష్టం, ఉండిపోతానంటే మా ఇంట్లో పనుంది, వీసా మాదేగా అంది. ఆ మాటా విన్నాను. తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు.

మణి దగ్గర ఎవరు కూచున్నారు? పొద్దుటినుంచి లోపల తిరుగుతున్నది ఈ ఒక్క మాటే, తక్కినవన్నీ దాని చుట్టూ ఈగలు. మణికుమార్ మా ఆయన, నరసాయమ్మకి ఒక్కడే కొడుకు. సిత్రాలో నూనె ట్యాంకులు కడిగే కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. ఒకరోజు ట్యాంకులోకి దిగాడు, పైకి రాలేదు. ఊపిరాడలేదన్నారు. శవాల గదిలో పెట్టారు, కాగితాలు కదలడానికి వారాలు పట్టింది. నన్ను ఒక్కసారి లోపలికి రానిచ్చారు. గోడకి బట్టల బీరువాలా సొరుగులున్నాయి, ఒకటి లాగి చూపించారు, సరే అనగానే తోసేశారు. చెయ్యి పట్టుకుందామనుకున్నాను, పట్టుకునేలోపల సొరుగు మూసుకుంది. ఆ గదీ ఇంతే చల్లగా ఉంది. అత్తకి వాళ్ళ మేడమ్ సెలవివ్వలేదు, ఇంట్లో పెళ్ళి ఉందని. పెట్టెలో ఊరెళ్ళాడు, రేవు దాటాడు, పాలివాళ్ళు ఏవో చేశారు, మేమిద్దరం ఇక్కడ ఎవరివో గిన్నెలు కడుగుతూ ఉన్నాం. అన్ని రాత్రులు ఆ సొరుగులో ఒక్కడే. చీకటంటే భయం మణికి, పెళ్ళయిన కొత్తలో దొడ్లోకి వెళ్ళడానికి కూడా నన్ను లాంతరు పట్టుకు రమ్మనేవాడు, ఊళ్ళో తెలిస్తే పరువుపోతుందని ఒట్టేయించుకున్నాడు. ఆ ఒట్టు తప్పలేదు నేను. వీళ్ళ కట్టుబాటు అప్పుడు నాకు తెలిసుంటే ఆ సొరుగుల గది గుమ్మం బయటైనా కూచునేదాన్ని. తరిమితే మళ్ళీ వచ్చి కూచునేదాన్ని.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. మా వైపు అలాంటప్పుడు కోడల్ని అనే మాటలు ఎన్ని లేవు, అడుగు పెట్టిన వేళ అని, మింగేశావని. ఆవిడ మాత్రం తన నోటిమీద తనే కొట్టుకుంది, "నేనే రమ్మన్నాను, ఈ నోటితోనే రమ్మన్నాను" అని. ముందు బహ్రెయిన్ వచ్చింది ఆవిడే, తర్వాత కొడుకుని పిలిపించింది, నన్ను పిలిపించింది. ఆరోజునుంచి టీలో పంచదార మానేసింది. నాకు తీపెందుకే అంది. తర్వాత చక్కెర జబ్బని తేలింది, చూశావా, దేవుడికి ముందే తెలుసు అని తనే వేళాకోళమాడింది. ఆ జబ్బే ఇప్పుడు కళ్ళు తినేస్తోంది. పాదాలకి స్పర్శ పోయింది, మేకు గుచ్చుకున్నా రక్తం చూసి తెలుసుకోవాలి. బజారులో తిరిగి తిరిగి మెత్తటి చెప్పులు కొనిపెట్టాను, నీలం పట్టీలవి. వాటిని కుర్చీ ఎక్కించి కూచోబెట్టినంత అపురూపంగా చూసుకుంటుంది. గుమ్మం బయట విడిచినప్పుడల్లా రెండూ ఆనించి గోడవైపు తిప్పి పెడుతుంది, ఎవరైనా తొక్కుతారని.

మామా, నీ కథలో కూడా చెప్పు ఉంది. మీ పాత గ్రంథంలో అత్తాకోడళ్ళ కథ, గోధుమ కోతల పండగకి చదువుకునేది. చదువుకోవడానికి నీకు కళ్ళు ఆనవు, వినడానికి నీవాళ్ళు లేరు, అందుకని నేను బియ్యం ఏరుతుంటే పక్కన కూచుని, చిన్నప్పటి బొంబాయి హిందీలో ఏటా నాకే చెప్పేదానివి. ఆ పేర్లు నాకు నోరు తిరగవు, అత్తా కోడలూ అనే పెట్టుకున్నాను. కరువొచ్చి ఒక కుటుంబం పొట్ట చేత పట్టుకుని పరాయి దేశం పోయింది. అక్కడ మొగుడు పోయాడు, అక్కడి పిల్లల్నే చేసుకున్న కొడుకులిద్దరూ పోయారు. అత్త సొంతూరికి బయల్దేరుతూ, మీరు పుట్టిళ్ళకి పొండమ్మా, నా దగ్గరేం మిగిలింది అంది. ఒక కోడలు ఏడ్చి, ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయింది. రెండోది చచ్చినా వదలనని వెంటపడింది. అత్త ఊరు చేరాక పొలాల్లో పరిగె ఏరి అత్తని పోషించింది. పరిగె అనేసరికి నా చేతిలో చేట ఆగిపోయింది. కోత కోశాక రాలిన కంకులు ఏరుకోవడం మా అమ్మ చేసిన పని, నేనూ చేశాను. మేమేరుకున్నది మీ గ్రంథంలోకి ఎలా వచ్చింది మామా అన్నాను. అన్ని ఊళ్ళలోనూ లేనివాళ్ళుంటారు కదా బేటీ అన్నావు. ఆ పొలం ఆసామి, పోయినవాళ్ళకి చుట్టం. కొడుకులు పోయిన ఇంటిని దగ్గరి చుట్టం విడిపించాలట, పోయిన పొలం తిరిగి ఇప్పించాలి, కోడలికి దిక్కు కావాలి. ఆసామికంటే దగ్గరివాడు మరొకడున్నాడు. పొలమైతే తీసుకుంటానన్నాడు, కోడలనేసరికి గొంతు సవరించుకున్నాడు. నా హక్కు వదిలేశాను అని చెప్పడానికి పదిమంది ముందు కాలి చెప్పు తీసి ఆసామి చేతికిచ్చాడు. అక్కడ నేను పగలబడి నవ్వాను. మా లంకలో చెప్పు తీసి ఎదటివాడి చేతికిస్తే ఆ సాయంత్రానికి రెండు కుటుంబాలవాళ్ళూ ఆసుపత్రిలో ఉంటారు.

మొన్నటి పండగ కూడా శుక్రవారమే పడింది, అత్త సెలవు రోజు. గోడ తడుముకుంటూ వచ్చింది, నేను వెళ్ళి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. నువ్వు పాలతో చేసిన తీపి తింటున్నావు, అత్త తిననంది, నేను రెండూ తిన్నాను. నువ్వు కథ చెబుతుంటే నేను తెలుగులో అందించాను. అత్త అంతా విని, వేరే ఎవరికీ తట్టనిది అడిగింది.

"సెప్పు ఇచ్చేసినోడు ఆ ఎండలో ఇంటికెలా ఎల్లాడో కనుక్కోవే. ఉత్తి కాళ్ళతోనేనా?"

నీకు తిప్పి చెబితే, చెంచా పట్టుకున్న చెయ్యి ఊగిపోయేలా నవ్వావు. ఇంత వయసు వచ్చింది, మా పెద్దలెవరూ ఈ ప్రశ్న వెయ్యలేదు, నీ అత్త మా పండితులకంటే నయం అన్నావు. ఆ నవ్వులోనే అత్త చెప్పింది, మావాళ్ళు కలాస్, ఇంక పన్లేదు, అనేశారే అని. టీ కప్పులో పోశాననుకుని పిల్లాడి పక్కన పోసిందట, చెయ్యి కాలలేదు గానీ కాలేదే. మేడమ్ మంచిదే, టికెట్టు కొనిస్తానంది. "నువ్వు రావద్దే. ఈడ తిండుంది, నీడుంది. గుడ్డిదాన్ని, నా ఎనకాల వచ్చి ఏం సేత్తావు?" అంది. నాకు ఒంట్లో ఏదో పొంగింది. కథ చెవుల్లో ఉంది, నోట్లో తీపి ఉంది. లేచి ఆవిడ నెత్తిమీద చెయ్యి పెట్టేశాను. "నీ మీదొట్టు అత్తా. నువ్వెక్కడుంటే నేనూ అక్కడే. నిన్ను ఒంటరిగా వదల్ను" అన్నాను. అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏమంది అని నువ్వడిగావు, చెప్పాను. నీ మొహంలో నవ్వు పోయింది. "ఆ మాట ఆ పిల్ల దారిమీద నిలబడి అంది. నువ్వు వంటింట్లో కూచుని అన్నావు" అన్నావు. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు నీ టీలో ఏలకులు వెయ్యలేదు, నువ్వు కనిపెట్టలేదు. కనిపెట్టి ఊరుకున్నావేమో.

మా వైపు ఒట్టంటే ఆట కాదు. ఎవరి మీద పెడితే వాళ్ళకే తగులుతుంది, తప్పితే వాళ్ళే పోతారు. ఇది తెలిసి, ఉన్న ఒక్క మనిషి నెత్తిమీద చెయ్యి పెట్టాను. అప్పటినుంచి రోజూ ఆ ఇల్లు కళ్ళముందుకొస్తోంది. వానలకి ఏరు పొంగితే పడవ ఆగిపోయే లంక. రేవులో దింపి, చెయ్యి పట్టుకుని నడిపించాలి, బువ్వ కలిపి పెట్టాలి, పుండు పడితే కడగాలి. అదంతా చెయ్యగలను, ఇక్కడ పరాయివాళ్ళకి చెయ్యడం లేదూ. నన్ను భయపెట్టేది పని కాదు. అక్కడ ఆవిడతోపాటు నేనూ ముసలిదాన్ని అయిపోతాను. ఇక్కడ నాకొక చిన్న గది ఉంది, దానికి లోపల గడియ ఉంది, వేసుకుంటే నన్నెవరూ ఫలానావాడి పెళ్ళాం పాపం అనరు. నా కథలో పొలమూ లేదు, పొలం ఆసామీ లేడు. పరిగె ఏరి తేవడానికి మా లంకలో వరే మానేసి రొయ్యల చెరువులు తవ్వుతున్నారట. మామా, వెళ్ళిపోయిన కోడలి గురించి నేనెప్పుడూ అడగలేదు, నువ్వే ఒకసారి చెప్పావు, ఆమెని మా గ్రంథం ఒక్క మాట అనలేదు, తెలుసా అని. నీ కోడలు లండన్‌లో ఉంది. నీ కొడుకు పోయాక నువ్వే పొమ్మన్నావు, వెళ్ళి మళ్ళీ పెళ్ళి చేసుకుంది, ఏటా ఫోన్ చేస్తుంది. ఫోన్ వచ్చినరోజు నువ్వు భోజనం చేసేదానివి కాదు. పొమ్మన్నది నువ్వే కదా, మరెందుకు తినేదానివి కాదు?

నమాజు అయిపోయినట్టుంది, వీధిలో చెప్పుల చప్పుళ్ళు, కార్ల తలుపులు. కొవ్వొత్తి సగానికి వచ్చింది. ఆడవాళ్ళు వస్తే బాగుండు, రాకపోతే బాగుండు. వెళ్తే నిన్ను వదిలినట్టు, మణిని రెండోసారి సొరుగులో పెట్టి తోసినట్టు. ఉంటే అత్తని చంపినట్టు. ఎవరైనా వచ్చి నన్ను చెయ్యిపట్టి లాక్కెళ్ళిపోతే ఎంత హాయి, అప్పుడు వెళ్ళింది నేను కాదు, ఉన్నదీ నేను కాదు.

హారన్. కోళ్ళ బండి హారన్, దగ్గొచ్చినట్టు రెండుసార్లు మోగుతుంది. గేటు తీసిన చప్పుడు. భీమరాజు వస్తాడు, వదినా బయల్దేరు అంటాడు, ఇంకొంచెంసేపు ఆగరా అంటాను, విమానం నీ మొగుడిదా అంటాడు. కానీ వస్తున్న అడుగులు వాడివి కావు. గోడమీద అరచెయ్యి జారుతున్న చప్పుడు. బుసైతీన్‌లో ఉండాల్సిన మనిషి, ఎయిర్‌పోర్టు పక్కనే పెట్టుకుని, వాణ్ణి ముందు అటు రప్పించుకుని, వంతెన దాటి ఇంతదూరం ఎందుకొచ్చింది? గుమ్మంలో నిలబడింది. ఉతికిన చీర, తలకి నూనె. కళ్ళు నామీద లేవు, నా పక్కనున్న గోడమీద ఉన్నాయి.

"దుర్గా, ఏ పక్కనున్నావే?"

"ఇటత్తా. మెల్లగా, కింద పడుకోబెట్టారు."

వంగి వంగి వచ్చి నీ కాళ్ళదగ్గర కూలబడింది మామా, నీకు తెలిసిందా? దుప్పటిమీంచే పాదాలు తడిమి, రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. నేను సంచి వంక చూశాను. ఇప్పుడు అంటుంది, లే అంటుంది.

"ఆళ్ళు ఇంకా రాలేదా?"

"రాలేదత్తా. దారిలో ఉంటారు. నువ్వు కాసేపు కూచో, రాగానే..."

"ఇవానం కూకుంటదా?" అంది. తడుముకుంటూ నా మోకాలు పట్టుకుంది, అక్కణ్ణించి నా చెయ్యి, చేతిలో చిరిగిన కొంగు. వేలితో ఆ చిరుగంతా పాకి చూసింది. "కొత్త సీరే. ఇదేంటే?" అంది. చెప్పాను, కాలివేళ్ళు కట్టబోవడం, కఫీల్ ఇంకోలా అనుకోవడం, నేను మాట్లాడకపోవడం. అన్నీ చెప్పేశాను, ఉండిపొమ్మన్న మాటతో సహా. ఆవిడకి చెప్పకుండా నేనేదీ దాచలేను, అదే నా ఖర్మ.

"మావోడి దగ్గర ఎవ్వరూ కూకోలేదే దుర్గా" అంది. గొంతు మామూలుగానే ఉంది. "నేను ఆరోజు పెళ్ళోరికి బిర్యానీ వడ్డిత్తన్నాను. నువ్వీవిడ కాడ కూకో. లేవబాకు."

"మరి నువ్వు?"

"నాకేం, ఇవానంలోవోళ్ళు సెయ్యట్టుకుని ఎక్కిత్తారంట. బొంబాయిలో మనూరోళ్ళెవరో తగులుతారు."

"ఒట్టేశానత్తా."

ఆవిడ నవ్వింది. నా చెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకుని, దాన్ని మళ్ళీ పైకెత్తి, పిల్లలు ఆడుకునేటప్పుడు చేసినట్టే పక్కకి తీసుకెళ్ళి గచ్చుమీద పెట్టింది. "ఇదిగో, ఒట్టు తీసి గట్టున పెట్టేను. అయిపోయింది. ఇంక నాకేం తగల్దు" అంది. నాకు నవ్వొచ్చింది, నవ్వబోతే ఏడుపొచ్చింది. ఆవిడ భుజం పట్టుకుని ఏడుస్తుంటే వీపు తట్టింది, "ఊరుకో, సచ్చినోళ్ళ కాడ గోల సెయ్యకూడదన్నావుగా" అంది. గోడ పట్టుకుని లేచింది. నేనూ లేవబోయాను. "కూకోమన్నానా" అని గదిమింది. మణిని గదిమే గొంతు అది, నామీద ఎప్పుడూ వాడలేదు. కూచుండిపోయాను.

అరచెయ్యి గోడమీద జారుకుంటూ వెళ్ళిపోతోంది. నా ఏడుపు ఆగింది. ఆగినచోట ఏమున్నదో చెప్పనా మామా? అయ్యో అనుకోవడానికి ముందే, మనసు అమ్మయ్య అనుకుంది. నిజంగా అనుకుంది, ఒళ్ళంతా తేలికైంది, రేపు పొద్దున నా గదిలో లేస్తానని, గడియ తీసుకుని బయటికి వస్తానని. ఇలాంటి దానివే అన్నమాట నువ్వు అని నన్ను నేను తిట్టుకునేలోపలే బయటినుంచి భీమరాజు గొంతు వినబడింది.

"పెద్దమ్మా, సెప్పులో! నేల కాలిపోతంది, మరిసిపోయావు."

"మరవలేదురా. అయి అక్కడే ఉండనీ. దానికిచ్చేశాను."

"ఎవరికి? అదేంటి, నీ కాళ్ళు..."

"నడుత్తావా లేదా?"

నాకు అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. బండి తలుపు వేసిన చప్పుడు వినబడ్డాక అర్థమైంది. ఆవిడకి స్పర్శ లేదు. గేటునుంచి బండిదాకా తారు, అది కాలినా తెలియదు, బొబ్బలెక్కినా తెలియదు, బొంబాయిలో దిగాక ఎవరైనా చూసి చెబితే తెలియాలి, చూసేవాళ్ళెవరు? చక్కెర జబ్బు కాలు, ఒకసారి పుండు పడితే... లేచాను. లేవకూడదు. లేచాను మామా, నిన్ను ఒంటరిగా వదిలేశాను, ఒక్క పరుగున గుమ్మం దాటాను. గోడవైపు తిప్పి, రెండూ ఆనించి పెట్టి ఉన్నాయి, నీలం పట్టీలు. చేతుల్లోకి తీసుకుని గేటు బయటికి పరిగెత్తాను. నా అరికాళ్ళు చుర్రుమన్నాయి, ఒంటికాలిమీద గెంతాను, అత్తా అని అరిచాను. పికప్ సందు చివర మలుపు తిరుగుతోంది, వెనక ఖాళీ కోళ్ళ గంపలు ఎగిరెగిరి పడుతున్నాయి. ముందు సీట్లో ఆవిడ తల కనబడింది, నూనె రాసి ముడేసిన తల. వెనక్కి తిరగలేదు. తిరిగినా నేను కనబడేదాన్ని కాదు. బండి వెళ్ళిపోయింది. ఎండలో అక్కడ నిలబడలేకపోయాను, నాకు స్పర్శ ఉంది కదా, గెంతుకుంటూ వచ్చేశాను.

కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది. తప్పు చేశాను మామా, వదిలి వెళ్ళాను, క్షమించు. చెప్పులు గదిలోకి తెచ్చేశానని కూచున్నాక చూసుకున్నాను. బయట పెట్టబుద్ధి కాలేదు. ఒళ్ళో పెట్టుకున్నాను, అట్టల్లో ఇంకా ఆవిడ వేళ్ళ గుంటలున్నాయి. హక్కు వదులుకున్నవాడు చెప్పు ఇస్తాడు, ఇచ్చాక ఇక దాని గురించి మాట్లాడడు. ఆరోజు ఎండలో వాడు ఇంటికెలా వెళ్ళాడని అడిగింది ఆవిడొక్కతే. అప్పటికే అనుకుని ఉంటుందా? టికెట్టు చేతికొచ్చిన రోజా, పొద్దున ఫోన్లో మాట్లాడకుండా ఉన్నప్పుడా? మీ గ్రంథంలో దగ్గరివాడు తన పొలం చూసుకుని వదిలేశాడు. మా అత్త ఏం చూసుకుని వదిలింది? పొలమా, ఇల్లా, ఉన్నది నేనొక్కదాన్ని, నన్నే ఇచ్చేసింది. నేను తీసుకున్నాను. అమ్మయ్య అనుకుని మరీ తీసుకున్నాను. పడవ దిగి, ఆ గట్టుమీద ఏ కర్ర పుచ్చుకుని నడుస్తుంది? ఎవరు తలుపు తీస్తారు? పొయ్యి ఎవరు రాజేస్తారు? పైనుంచి విమానం వెళ్ళిన మోత వినబడింది. అది వాళ్ళది కాదు, ఇంకా వేళ కాలేదు, అయినా మోత పూర్తిగా పోయేదాకా ఊపిరి బిగబట్టి విన్నాను.

ఆడవాళ్ళు ఎప్పుడు లోపలికి వచ్చారో చూడలేదు. కఫీల్ భార్య, ఆమె వెనక తెల్లగుడ్డల మూట పట్టుకుని ఒక పెద్దావిడ, బకెట్లతో మరొకావిడ. పెద్దావిడ నీ మొహంమీది గుడ్డ తీసి చూసి, ఏదో చదివి, మళ్ళీ కప్పింది. తర్వాత నావైపు తిరిగింది. నా చిరిగిన కొంగు చూసింది, కఫీల్ భార్య ముందే చెప్పి ఉంటుంది, మెత్తగా తల పంకించింది. అప్పుడు ఒళ్ళో చెప్పులు చూసింది.

"ఎవరివివి?" అంది హిందీలో.

"మా అత్తవి."

"ఆమె ఏదీ?"

"వెళ్ళిపోయింది" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇక కూచోలేకపోయాను. ఈ చిరుగు ఈవిడకోసం కాదమ్మా, పొద్దున మీరంతా పొరపాటు పడ్డారు, అని చెబుదామనుకున్నాను. చెప్పడానికి నాకు హిందీ చాల్లేదు, తెలుగూ చాల్లేదు. సగంలో ఆగిపోయిన ఆ కొంగు చిరుగుని రెండు చేతులా పట్టుకుని, కింది అంచుదాకా చింపేశాను.

పెద్దావిడ ఆ చిరుగు చూసింది. ఎవరికోసమని అడగలేదు. నా ఒళ్ళోంచి చెప్పులు తీసి, గుమ్మం అవతల గోడవైపు ఆనించి పెట్టి వచ్చింది. బకెట్లు చూపించి నీళ్ళు తెమ్మంది. లేచి వెళ్ళి తెచ్చాను.